నడిమి జాడీలు

వునిమోలి,
ఆగస్టు 1912.

అక్కకు,

తింటున్నాను, నిద్రపోతున్నాను, ఒంటి మీద కొత్త దెబ్బలు లేవు. ఈ మూడు ముక్కలూ ముందు కనబడకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని నాకు తెలుసు. ఇక స్థిమితంగా కూర్చో.

చెరుకు కోతలోంచి తీసి నన్ను గుట్ట మీది వైర్‌లెస్ స్టేషన్లో వేశారని రాస్తే, అక్కడ నువ్వేం వెలగబెడతావని అడిగావు. జాడీలు తుడుస్తాను. నవ్వకు. ఊరగాయ జాడీలు కావవి. మోకాలెత్తు గాజు జాడీలు. గాజుకు లోపల ఒక తగరపు రేకు, బయట ఒక తగరపు రేకు అంటించి ఉంటాయి. మూతలోంచి ఒక ఇత్తడి కడ్డీ, దాని కొసన గుండు. యంత్రం తిరిగితే రేకుల మీద కరెంటు చేరుతుంది. మధ్యన గాజు అడ్డం కాబట్టి ఇవతలిది అవతలికి పోలేక అక్కడే కాచుకుని ఉంటుంది. దారి ఇచ్చామా, ఫెళ్లుమని మెరుపు. ఆ మెరుపుల లెక్కే సువాలో కూర్చున్న దొరకు మాటలై వినిపిస్తుందట. నీకూ నాకూ మాత్రం స్టీమరే గతి.

జాడీలు పద్దెనిమిది. పాత దొర వాటిని పక్కపక్కన కలిపాడు. లోపలి గుండ్లన్నీ ఒక తీగకు, బయటి రేకులన్నీ ఇంకో తీగకు. అప్పుడు పద్దెనిమిదికీ కలిపి ఒకే కడుపు. ఎన్ని జాడీలుంటే అంత పడుతుంది. కాని యంత్రం ఒత్తిడి ప్రతి జాడీ మీదా పూర్తిగా పడుతుంది. ఒత్తిడి పెంచితే గాజుకు చిల్లి పడుతుంది. అందుకని ఇంకో పద్ధతి ఉంది. ఒక జాడీ బయటి రేకును తరవాతి జాడీ గుండుకు కలుపుతూ వరసగా కట్టడం. అప్పుడు ఒకే దూలాన్ని ముగ్గురు మోసినట్టు ఒత్తిడిని పంచుకుంటాయి. పట్టడం మాత్రం తగ్గిపోతుంది. మూడు జాడీలు వరసగా కడితే ఒక జాడీలో మూడో వంతే పడుతుంది. ఈ సంగతులన్నీ పాత దొర పలక మీద గీసి చెప్పాడు. ఒంటరి మనిషి, మాట్లాడ్డానికి ఎవరూ లేక నాతో మాట్లాడేవాడు. మొన్న న్యూజీలాండు వెళ్ళిపోయాడు.

వచ్చిన కొత్త దొర మూడింతల బలమున్న యంత్రం తెప్పిస్తున్నాడు. ఆరేసి జాడీలు పక్కపక్కన ఒక గుంపుగా, అలాంటి గుంపులు మూడు వరసగా కడతాడట. ఆరులో మూడో వంతు రెండు. పద్దెనిమిది జాడీలు పెట్టి రెండు జాడీల పట్టా అని నేను నోరు వెళ్ళబెట్టాను. కాని ఒత్తిడి మూడింతలైతే బలం తొమ్మిదింతలట. రెండు తొమ్మిదులు పద్దెనిమిది. ఏదీ పోలేదన్నమాట, మెరుపు పొడుగవుతుందంతే.

నాతోపాటు రామ్ లాల్ అని ఒక హిందూస్తానీ మనిషి పని చేస్తున్నాడు. మంచివాడు, కొంచెం పిరికి. తుడిచే ముందు జాడీలను ఖాళీ చేయాలి. దానికి కట్టె పిడి ఉన్న ఇత్తడి కొంకి ఒకటుంది. రెండు తీగలకూ ఒక్కసారి తగిలిస్తే చాలు, అన్నీ ఖాళీ. నేనే నేర్పాను. ఇప్పుడు వాడు తగిలించినప్పుడల్లా నా వైపు చూసి, "ఏక్ దఫే ఛువా దియా, సబ్ ఖాలీ" అని పాడతాడు. ఒకసారి ముట్టించాను, అంతా ఖాళీ అని.

ఫిబ్రవరి తుఫానులో పగిలిన జాడీల రేకు పాత దొర నన్ను తీసుకుపొమ్మన్నాడు. మా కూలీల లైనులో మన అమ్మవారికి కిరీటం చేయిస్తున్నాను. రామ్ లాల్ పెళ్ళాం బిమ్లా చేతిలో పనితనం ఉంది. రేకు ఆమెకిచ్చాను. వాళ్ళ పిల్ల, మూడేళ్ళది, ఆ రేకు ముక్కలు నుదుట అంటించుకుని లైనంతా తిరుగుతోంది. కిరీటం ఎందుకంటావా? మొక్కు. ఏం మొక్కుకున్నానో చెప్పను.

నీ తమ్ముడు
కన్నయ్య


నటబువా, లౌతోకా,
సెప్టెంబరు.

ఒరే కన్నా,

ఉత్తరం చదివించి వినడానికి మా గదిలో నలుగురు చేరారు. జాడీల దగ్గరికొచ్చేసరికి ముగ్గురు లేచిపోయారు. మునియ్య పెళ్ళాం ఒక్కతే కూర్చుని, "మీ తమ్ముడు సదూకున్నోడేటమ్మా, మెరుపుని జాడీలో ఎట్టేడా!" అంది. నాన్న వీధిబడిలో నువ్వు ఎన్నిసార్లు గోడకుర్చీ వేశావో చెబితే గాని నా మనసు కుదుటపడలేదు.

మొక్కు చెప్పనన్నావు. చెప్పకపోతే తెలియదా? అమ్మవారికి నువ్వు తగరం పెడితే ఆవిడ నీకు బంగారం ఇవ్వాలా? సరేలే, ఇస్తే కాదనను.

విను. నా అయిదేళ్ళ గిరిమిట్టు కూలి ఒప్పందం డిసెంబరుతో తీరుతుంది. ఒకే ఓడలో వచ్చినా నువ్వు జ్వరంతో పడుకున్న రోజులన్నీ కలిపి నీకు ఉగాది దాటించారు. అప్పటిదాకా ఏ తప్పూ నీ మీద పడకూడదు. పడితే ఇంకా పొడిగిస్తారు. ఒంటరి ఆడదానికి ఇక్కడ నేల కౌలుకివ్వరు. నువ్వు వస్తేనే ఇద్దరం కలిసి నాందీ దారిలో నాలుగు సెంట్లు చూసుకోగలం. మీ బావ పోయాక నాకంటూ మిగిలింది నువ్వే. ఈ మాట రోజూ లేవగానే ఒకసారి అనుకో.

కొరివితో తల గోక్కోకు. ఆ జాడీలేవో ఆ రామ్ లాలే తుడుచుకుంటాడు. పిరికివాడన్నావుగా, పిరికివాళ్ళే పదికాలాలు బతుకుతారు.

అక్క


వునిమోలి,
అక్టోబరు.

అక్కా,

రామ్ లాల్ పోయాడు.

నేను లేను. గానుగకు చెరుకు చాలక స్టేషను కూలీలను కూడా కోతకు లాక్కుపోయారు. రామ్ లాల్‌ను ఒక్కడినే ఉంచారు. నేను అవతల ఉండగానే కొత్త యంత్రం దిగింది. దొర జాడీలను మూడు గుంపులుగా వరసన కట్టేశాడు. కట్టి, జాడీలు తుడవమని రామ్ లాల్‌తో చెప్పి పోయాడు. మారిందేమిటో వాడికి చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు.

కోత ముగించుకుని నేను గుట్ట ఎక్కుతున్నాను. లోపల నుంచి ఏదో పడ్డ చప్పుడు. వెళ్ళేసరికి రామ్ లాల్ నడిమి గుంపు మీదికి ఒరిగి ఉన్నాడు. గుడ్డ చేతిలోనే ఉంది. అక్కా, కొంకి రెండు చివర్లకూ తగిలించే ఉంది. నేను నేర్పినట్టే చేశాడు. వాడిని లాగబోయి నడిమి గుండుకు నా మోచెయ్యి తగిలింది. ఎగిరి గోడకు కొట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదు. కంగారు పడకు, కుడిచేత్తోనే రాస్తున్నాను.

ఆ తరవాత పలక ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు తెలిసింది. పక్కపక్కన కట్టినప్పుడు అన్నిటికీ ఒకే కడుపు, ఒకసారి ముట్టిస్తే అన్నీ ఖాళీ అవుతాయి. వరసన కట్టినప్పుడు మూడు గుంపులూ సమానంగా ఉంటేనే చివర్లు ముట్టిస్తే ఖాళీ అవుతాయి. ఒక గుంపులో బీటవారిన జాడీ ఉందనుకో, అందులోది ముందే కారిపోతుంది. అప్పుడు చివర్లు కలిపితే మిగతా వాటిలోది వచ్చి ఆ కారిన గుంపును తిరగేసి నింపుతుంది. ఒకటి ఇటు తోస్తే ఇంకోటి అటు తోస్తుంది. రెండు తోపులూ సరిపోయి చివర్ల దగ్గర ఏమీ లేనట్టు కనిపిస్తుంది. నడుమ మాత్రం నిండుగానే ఉంటుంది. మొదటి గుంపులో నిజంగానే బీటవారిన జాడీ ఒకటుంది. నేను మైనం పెట్టినదే. వరసన కట్టినప్పుడు ప్రతి గుంపునూ విడిగా ముట్టించాలి. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది అక్కా?

దొర ఏమన్నాడో తెలుసా? రామ్ లాల్ తుడవడానికి వెళ్ళలేదట. రేకు ఒలుచుకోవడానికి వెళ్ళాడట, కొంకి ముట్టించనే లేదట. కూలీల మీద అజమాయిషీ చేసే కులంబరు వచ్చి లైను సోదా చేశాడు. బిమ్లా పెట్టెలో అమ్మవారి కిరీటం సగం చేసి ఉంది. మిగిలిన రేకు దాని కింద మడిచి ఉంది. దొంగసొత్తు దాచిందని బిమ్లాను పట్టుకుపోయారు. మొగుడిని మట్టిలో పెట్టిన మర్నాడే పట్టుకుపోయారు. పిల్ల నా గదిలో ఉంది.

నేనిచ్చిన రేకు అది. మన అమ్మవారికి. బిమ్లా మన దేవత పేరు కూడా సరిగ్గా పలకలేదు. విచారణ వచ్చే నెలలో. వెళ్ళి నేనే ఇచ్చానని చెప్పాలనుకుంటున్నాను. పాత దొర ఇమ్మన్నాడనడానికి సాక్ష్యం లేదు. నన్ను దొంగంటారు. అననీ. నువ్వేమంటావు? ఈ స్టీమరుకే రాయి.

కన్నయ్య


నటబువా,
అక్టోబరు చివర.

కన్నయ్యకు,

చెప్పకు.

జాడీల మాట అడిగితే జాడీల మాట చెప్పు. నీకు తెలిసింది అంతే. రేకు ఊసెత్తకు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని నానమ్మ ఊరికే అనలేదు. పోయినవాడికి దొంగ అన్న పేరుతో ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. ఆ బిమ్లాకు ఒకటి రెండు నెలలు వేస్తారు, వస్తుంది. నీకు వేస్తే జైలు, ఆపైన జైల్లో ఉన్నన్ని రోజులూ గిరిమిట్టుకు కలుపుతారు, ఆపైన దొంగకు నేల ఎవడిస్తాడు?

నన్ను రాతి గుండెదానివనుకో. అనుకున్నా నష్టం లేదు. ఈ ఒక్కసారి మారు మాట్లాడకుండా అక్క మాట విను. ఎందుకని అడగకు.

చెయ్యి ఎలా ఉంది? ఆముదం కాచి రాయించుకో.

అక్క


వునిమోలి,
నవంబరు.

అక్కకు,

నీ మాట విన్నాను. సంతోషించు.

కోర్టులో జాడీల సంగతి చెప్పాను. నాకు వచ్చిన హిందీలో చెబితే దుబాసీ దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. వాడికి అర్థం కానిది వాడెలా చెబుతాడు? "కొంకి ముట్టించినా జాడీల్లో దెయ్యం మిగులుతుందంటున్నాడు" అన్నాడో ఏమో, అందరూ నవ్వారు. మేజిస్ట్రేటు దొర మాత్రం నవ్వలేదు. చూసొద్దాం పదండని అందరినీ గుట్టకు తీసుకొచ్చాడు. మంచివాడేమోననుకున్నాను.

మా దొర యంత్రం తిప్పాడు. ఆపాడు. కొంకి చివర్లకు ముట్టించాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, నడిమి గుంపు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏమీ కాలేదు. నా వైపు చూసి నవ్వాడు. ఎందుకవుతుంది? బీటవారిన జాడీ అక్కడ లేదు. దాని చోట కొత్త జాడీ ఉంది. ఎండ కాసిన పొడి రోజు, మూడు గుంపులూ ఒకదానికొకటి సరిసమానం. సమానంగా ఉంటే ఖాళీ అవుతాయని నేనే చెప్పానుగా. పాత జాడీ ఏదని అడిగాను. పగిలితే పారేశామన్నాడు. నా చెయ్యి చూపించాను. చెరుకు కోతలో బెణికి ఉంటుందన్నారు.

అప్పుడు మేజిస్ట్రేటు ఒక్క మాట అన్నాడు. "వాడు దొంగతనానికి పోకపోతే, ఈ రేకు వీళ్ళింటికెలా వచ్చింది? దానికి జవాబు చెబితే నీ జాడీల కథ నేను మళ్ళీ వింటాను." అలా అని నా వైపే చూశాడు అక్కా. తలుపు తెరిచి పట్టుకున్నట్టే. నేను నేల చూశాను.

బిమ్లాను అడిగారు. ఆమెకు తెలుసు ఎవరిచ్చారో. నా వైపు చూడనైనా చూడలేదు. "మేరా మరద్ లావా," అంది. నా మొగుడే తెచ్చాడు, అని. మొగుడిని దొంగను చేసి నన్ను కాపాడింది. ఆరు నెలలు వేశారు. తీసుకుపోతుంటే నా పక్క నుంచి వెళుతూ మెల్లగా, "లడ్‌కియా కే దేఖ్‌నా," అంది. పిల్లను చూసుకో. అందుకే అలా చెప్పింది. నేనూ జైలుకు పోతే పిల్లకు దిక్కెవరని లెక్క వేసుకుంది. మొగుడి పరువు పెట్టి పిల్లకు కాపలా కొనుక్కుంది.

పిల్ల నా దగ్గరే తింటోంది. తెల్లారి నేను పనికి పోయేటప్పుడు మునసబు లాగా గుమ్మంలో కూర్చుంటుంది, వచ్చేసరికి అక్కడే ఉంటుంది. వాళ్ళ నాన్న ఎప్పుడొస్తాడని నన్ను అడగదు. అడిగితే బాగుండును.

నువ్వు ఎందుకని అడగొద్దన్నావు. ఇప్పుడు అడుగుతున్నాను. రెండు ముద్దలు తిని కంచం పిల్ల వైపు తోసేస్తున్నాను. ఏ ధైర్యంతో నన్ను నోరు మూసుకోమన్నావు?

కన్నయ్య


నటబువా,
డిసెంబరు.

కన్నా,

నీ ఉత్తరం చదివాక ఆ పూట పని చేయలేకపోయాను. కులంబరు ఆ పూట కూలి కొట్టేశాడు.

మీ బావ జ్వరంతో పోలేదు.

మా లైనులో ఒక తమిళపు పిల్లను కులంబరు కొట్టాడు. ఎక్కడ కొట్టాడో రాయను. అది చెరుకు తోటలోనే పడి చచ్చిపోయింది. చూసినవాళ్ళు పదిమంది. ఎండ దెబ్బ అని అందరూ చెప్పారు. మీ బావ వీరస్వామి ఒక్కడే, "నేను సూసేను బాబూ, ఈ కళ్ళతో సూసేను" అన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. నాయమేటో ఆ దొరకి తెలీదేటే అని నన్ను తోసేసి పోయాడు. అబద్ధపు సాక్ష్యం కింద ఆయనకే ఆరు నెలలు వేశారు. రోడ్డుకు రాళ్ళు కొట్టే పనిలో పెట్టారు. రక్త విరేచనాలు పట్టుకుని నాలుగో నెల పోయాడని జవాను వచ్చి చెప్పాడు. ఎక్కడ పాతారో ఇప్పటికీ తెలియదు. కులంబరు ఇంకా మా లైనులోనే ఉన్నాడు. నా రోజువారీ టాస్కు వాడే కొలుస్తాడు.

జ్వరంతో పోయాడని నీకు రాశాను. నిజం రాస్తే నువ్వు అక్కడ ఏం చేస్తావో తెలుసు కాబట్టి. నువ్వు మీ బావ లాంటివాడివి. ఇద్దరికీ నోట్లో నువ్వుగింజ నానదు. ఉన్న ఇద్దరిలో ఒకడు నిజం చెప్పి పోయాడు, రెండోవాడినైనా అబద్ధంతో దక్కించుకోవాలనుకున్నాను. అంతే. అందులో నాకు సిగ్గు లేదు.

కాని బిమ్లా "నా మొగుడే తెచ్చాడు" అందన్న చోట ఆగిపోయాను. వీరస్వామి గురించి నన్ను అలా అనమని ఉంటే? ఆయనే అబద్ధమాడాడని నా నోటితో చెప్పమని ఉంటే? జైలుకు పోతాను గాని ఆ మాట అనను కన్నా. ఆ మాట ఆమె చేత అనిపించింది నా ఉత్తరమే.

ఇక నేను చెప్పమనీ అనను, వద్దనీ అనను. నీ కంచంలో ముద్ద నువ్వే మింగాలి.

అక్క


వునిమోలి,
జనవరి 1913.

అక్కా,

చెప్పేశాను.

నీ ఉత్తరం అందిన రోజు బావ కోసం ఏడ్చాను. మర్నాడు పని మానేసి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాను. పని మానినందుకు ఎలాగూ శిక్ష ఉంది, దానితోపాటు ఇదీ అనుకున్నాను. రేకు నేనిచ్చాను, పాత దొర ఇమ్మన్నాడు, కిరీటం మా అమ్మవారిది, మొక్కు నాది అని అంతా చెప్పాను. నా మనసులో ఒక ఆశ ఉంది. ఆమె శిక్షలో కొంత నాకు పంచుతారని. ఒకే భారం ఇద్దరం మోస్తే ఆమెకు సగమేనా తగ్గుతుందని.

తగ్గలేదు. పాత దొర మాటకు సాక్ష్యం లేదు కాబట్టి రేకు ఎత్తుకొచ్చినందుకు నాకు నాలుగు నెలలు. బిమ్లాను పిలిపించి, కోర్టులో అబద్ధమాడావు గనక నీ ఆరు నెలలూ అలాగే ఉంటాయన్నారు. ఎవరి శిక్ష వాళ్ళకు పూర్తిగా. ఆ వేళ నాకు గుట్ట మీద పక్కపక్కన నిలబడ్డ జాడీలు గుర్తొచ్చాయి. ఎన్ని తెచ్చి పక్కన పెట్టినా ఏ ఒక్కదాని మీదా ఒత్తిడి తగ్గదు.

ఒక్కటి జరిగింది. రామ్ లాల్ పేరు మీద ఉన్న దొంగతనం కొట్టేశారు. నా ఎదురుగానే కొట్టేశారు. జాడీల కథ మళ్ళీ వింటానన్న మనిషి విన్నాడు కూడా. చివరికి, "పనివాడి అజాగ్రత్త వల్ల చావు" అని రాయించాడు. అజాగ్రత్తట. చెప్పినదంతా చెప్పినట్టు చేసినవాడికి.

బిమ్లా నాకు దండం పెడుతుందనుకున్నావా? నేనూ ఎక్కడో మనసు మూల అలాగే అనుకున్నాను. ఆమె నా ముఖం మీద ఉమ్మినంత పని చేసింది. "కాహే బోలా? కౌన్ పూఛా? అబ్ లడ్‌కియా కే కౌన్ దేఖీ?" అని అరిచింది. ఎందుకు చెప్పావు, ఎవరడిగారు, ఇప్పుడు పిల్లను ఎవరు చూస్తారు? ఆమె మొగుడు దొంగ కాదని దుబాసీ రెండుసార్లు చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. నేను నా ముద్ద దిగడం లేదని వెళ్ళి చెప్పాను అక్కా. నా ముద్ద నేను మింగాను. దాని ఖరీదు ఆ పిల్ల పెడుతోంది.

రేపు తీసుకుపోతారు. పక్క గది వెంకటమ్మ పిల్లకు ఒక పూట గంజి పోస్తానంది. ఆమెకు నలుగురు. తెల్లారి మూడింటికి లేచి పొలానికి పోతే చీకటి పడ్డాక వస్తుంది. లైనులో తల్లి లేని పిల్లలు ఏమవుతారో నీకు రాయక్కర్లేదు. మురుక్కాలవ గుమ్మానికి నాలుగడుగుల్లోనే ఉంది.

ఉగాది మాట మరిచిపో. నా గిరిమిట్టుకు ఇవన్నీ కలుస్తాయి. నాకోసం ఆగకు. ఎవరైనా మంచివాడుంటే మారుమనువు చేసుకుని ఆ నేల చూసుకో. నామీద కోపం ఉంటే ఉండనీ.

కన్నయ్య


నటబువా,
ఫిబ్రవరి.

కన్నయ్యకు,

ఈ ఉత్తరం జైలు చిరునామాకు రాస్తున్నాను. వాళ్ళు నీకు ఇస్తారో, చింపేస్తారో.

మారుమనువట! ముప్పై అయిదేళ్ళ దాన్ని, పళ్ళు రెండు లేవు, పైగా ఈ నోరు. నన్ను చేసుకునే ధైర్యవంతుడు ఈ దీవిలో ఉంటే వాడిని ముందే కులంబరు కాల్చేసి ఉండేవాడు.

నా గిరిమిట్టు తీరింది. విడుదల కాగితం చేతికిచ్చారు. అది పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్ళి కాసేపు కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు, ఎవరూ లెక్క పెట్టలేదు. బాగుంది. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. మీ బావ ఉంటే ఏమనేవాడో అనుకున్నాను.

తరవాత కూలీల ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. గిరిమిట్టు లేని మనిషికి లైనులో గది ఇవ్వరట. గది లేకపోతే పిల్లను ఎక్కడ పెట్టుకోను? అందుకని వునిమోలి తోటకు మళ్ళీ సంతకం చేశాను. ఇంకో అయిదేళ్ళు. ఏజెంటు నా ముఖంలోకి చూసి, "తాగావా?" అన్నాడు. మునియ్య పెళ్ళాం నెత్తీ నోరూ కొట్టుకుంది, "ఒగ్గేసిన పలుపు మళ్ళీ మెళ్ళో ఏసుకుంతావేటే" అని. నాకూ భయంగానే ఉంది. సంతకం వంకరగా వచ్చింది. నాన్న చూస్తే గోడకుర్చీ వేయించేవాడు.

నీకోసం కాదు, పొంగిపోకు. నా ఉత్తరం వల్ల ఆవిడ ఆ మాట అంది. బిమ్లా వచ్చేదాకా పిల్ల నా దగ్గర ఉంటుంది. ఆవిడ వచ్చి నన్ను తిడితే పడతాను. ఇద్దరం ఒకే తోటలో ఉంటాం కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ నన్ను చూడక తప్పదు. నువ్వు బయటికి వచ్చేదాకా బతికి ఉండు. నీళ్ళు కాచుకుని తాగు. కాచడానికి ఇవ్వకపోతే అడుగు, తన్నినా అడుగు. మీ బావ అడగలేదు.

ఎల్లుండి స్టీమరు. మూట కట్టుకున్నాను. కట్టుకుంటూ నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. పిల్ల, పిల్ల అని రాశావు గాని పేరు ఒక్కచోటా రాయలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు నేను ఆ లైనులో దిగి, ఆ గుమ్మం ముందు నిలబడి దాన్ని ఏమని పిలవాలి?

అక్క